పేరు లేని దరువు: రికార్డింగులో 'ప్రొఫెషనల్' ఎవరు?

2001లో నాకు పదకొండేండ్లు. ఒకనాడు తెల్లారక ముందే మా నాయిన, మా పెద్దబాపు, మా వాడోళ్లు ఇంకో ఇద్దరు నాలుగు డప్పులు గోనెసంచుల్లో చుట్టుకొని మంథని బస్టాండులో కరీంనగర్ బస్సు కోసం నిలబడ్డరు. నేను ఏడ్చి ఎంట పడ్డ. ఊళ్లె జాతరపాటలు పాడే ఒకాయన క్యాసెట్ చేయిస్తున్నడు. ఆయన పాటకు డప్పులు కావాలె. స్టూడియో అంటే ఏందో మాకెవ్వరికీ తెల్వదు.

అది ఒక బంగళా మీది అంతస్తులో రెండు గదులు. గోడలకు స్పాంజి అంటించి ఉన్నది. ఏసీ నడుస్తున్నది. ఆ సల్లదనానికి తోలు వదులైంది. మంట చూపిస్తే తప్ప డప్పు పలుకదు. లోపల అగ్గి పెట్టొద్దన్నరు. నలుగురూ మెట్లు దిగి, రోడ్డు పక్కన పాత పేపర్లు, అట్టముక్కలు కాల్చి డప్పులు కాపుకొని మళ్లీ ఎక్కిన్రు. రెండో చరణం దాటకముందే తోలు మళ్లీ దిగింది. మళ్లీ కిందికి. పొద్దూకిందాక ఎన్నిసార్లు ఎక్కి దిగిన్రో లెక్క లేదు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి 'క్లిక్' వినుకుంట కొట్టుమన్నరు. మా నాయినకు అది పడలే. ఆయన దరువు కాలి అడుగు మీద నడుస్తది, యంత్రం టిక్కుటిక్కు మీద కాదు. అప్పుడు రికార్డు చేసేటాయన పాటగాడితో అన్న మాట నాకు ఇప్పటికీ యాదికి ఉన్నది: "వీళ్లు ప్రొఫెషనల్స్ కాదన్నా. ప్యాడ్స్ వాయించేటాయన్ని పిలిస్తే అర్ధగంటల అయిపోవు."

బస్సు చార్జీలు, అన్నం, తలా కొంత పైకం ఇచ్చి పంపిన్రు. క్యాసెట్ వచ్చింది. అట్ట మీద పాడినాయన ఫొటో, పేరు ఉన్నయి. రాసినాయన, కీబోర్డు వాయించినాయన, రికార్డు చేసినాయన పేర్లున్నయి. డప్పుల కాడ మాత్రం 'బృందం' అని ఒక్క మాట.

ఈ వ్యాసం ఆ రెండు మాటల గురించి. ఒకటి 'ప్రొఫెషనల్', ఇంకొకటి 'బృందం'. ఒకే గదిలో, ఒకే పాటకు పనిచేసినవాళ్లలో కొందరికి మొదటిది, కొందరికి రెండవది ఎట్లా దక్కుతున్నది? దీన్ని ప్రతిభకు, సాధనకు సంబంధించిన సంగతిగా చెప్పడం అలవాటైపోయింది. నేను దీన్ని చరిత్రగా చదవాలనుకుంటున్నాను.

వృత్తి అంటే ఎవరి వృత్తి?

'ప్రొఫెషన్' అన్న ఇంగ్లీషు మాటకు మన భాషలో దగ్గరి మాట 'వృత్తి'. చిక్కంతా ఇక్కడే మొదలయితది. డాక్టరుది వృత్తి, వకీలుది వృత్తి. చెప్పులు కుట్టేది, బట్టలుతికేది, డప్పు కొట్టేదీ వృత్తే. ఒకచోట ఆ మాటకు అర్థం మనిషి ఎంచుకున్న పని. ఇంకోచోట పుట్టుకతో మెడకు పడ్డ పని. కులవృత్తి అన్నప్పుడు అందులో నైపుణ్యం ఉన్నదని అందరూ ఒప్పుకుంటరు. ఆ నైపుణ్యానికి ధర కట్టే హక్కు, పని మానుకునే హక్కు మాత్రం ఉండదు.

మా పల్లెల్లో డప్పు ఎట్టితో ముడిపడిన వాయిద్యం. చాటింపు వేయాలన్నా, పెద్దింట పీనుగు లేచినా, బోనాలు కదిలినా, పీర్లు లేచినా మాదిగోడు రావాలె. ప్రతిఫలం కల్లం కాడ మేర గింజలు, లేకుంటే ఇంత అన్నం. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. చట్టాలు వచ్చినంక కూడా చావుకు డప్పు కొట్టమన్నందుకు వాడలను వెలివేసిన సంఘటనలు మన పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

ఇప్పుడు మంథనినే చూడండి. గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊరికి మంత్రపురి అని పేరు. తరతరాల వేదపండితుల ఊరుగా దీన్ని చెప్పుకుంటరు. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో, అప్పటినుంచి పెద్దపల్లి జిల్లాలో ఉన్నది. ఈ ఊళ్లో రెండు శబ్దాలు పుస్తకం లేకుండా, నోటితో చెవితో తండ్రి నుంచి కొడుక్కు వచ్చినయి. ఒకటి వేదఘోష, రెండవది డప్పు. రెండింటికీ ఏండ్ల సాధన కావాలె. రెండింటిలోనూ తప్పు పట్టేది చెవే. వేదం చదివినాయన క్రమం, జట, ఘన అని మెట్లు ఎక్కుతడు. పరీక్ష నిలిస్తే ఘనాపాఠి అయితడు. వేదపఠన సంప్రదాయాన్ని 2003లో యునెస్కో మానవజాతి మౌఖిక వారసత్వపు మేటి కృతుల్లో ఒకటిగా ప్రకటించింది. మా పిల్లగాడు పెండ్లి దరువు, సావు దరువు, జాతర దరువు వేరువేరుగా పట్టుకోవడానికి పడే ఏండ్లకు పట్టా లేదు, పరీక్ష లేదు, బిరుదు లేదు. ఒక శబ్దం విద్య అయింది, ఇంకొకటి ఎట్టి అయింది. శబ్దంలో ఉన్న కష్టాన్నిబట్టి ఈ తేడా రాలేదు. కష్టపడ్డవాడి వాడనుబట్టి వచ్చింది.

'అమెచ్యూర్' అన్న గౌరవం

రికార్డింగు యంత్రం మన దేశానికి వచ్చినప్పుడు 'ప్రొఫెషనల్' అన్న మాట గౌరవపదం కాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. 1902లో లండన్ గ్రామఫోన్ కంపెనీ తరపున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి పాటలు రికార్డు చేసినప్పుడు మర్యాదస్తుల ఇండ్లవాళ్లు ఆ కొమ్ముబూర ముందుకు రావడానికి వెనుకాడిన్రు. పాడినవాళ్లు గౌహర్ జాన్ వంటి తవాయిఫులు. దక్షిణాదిన తొలి రోజుల్లో సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ వంటి దేవదాసీ కుటుంబాల స్త్రీలు రికార్డులిచ్చిన్రు. పాటనే బతుకు చేసుకున్నవాళ్లు కనుక వాళ్లు ప్రొఫెషనల్స్.

మూడు నిమిషాల్లో పాట ముగించడం, ఎంత గట్టిగా పాడితే మైనం మీద గీత పడుతదో తెలుసుకోవడం, కొమ్ముకు ఎంత దూరంలో నిలబడాలో పట్టుకోవడం – ఇదంతా మొదట నేర్చుకున్నది వాళ్లే. పాట చివర గౌహర్ జాన్ తన పేరు తానే చెప్పుకునేది. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడివాళ్లకు గొంతు ఎవరిదో తెలియాలె గదా. ఈ దేశంలో రికార్డింగు కళలో తొలి నిపుణులు మర్యాద సమాజం వెలివేసిన స్త్రీలు.

తర్వాత 'మంచి కుటుంబాల' వాళ్లు పాడడం మొదలుపెట్టినప్పుడు ఏం జరిగింది? బెంగాల్లో లాల్‌చంద్ బొరాల్, మిస్ దాస్ వంటివాళ్ల రికార్డుల మీద పేరు పక్కన 'అమెచ్యూర్' అని అచ్చు వేసిన్రు. అంటే వీళ్లు పొట్టకోసం పాడడం లేదు, సరదాకు పాడుతున్నరు, కాబట్టి గౌరవనీయులు అని. డబ్బుకోసం పాడేవాడు నీచుడు, తీరిక ఉండి పాడేవాడు కళాకారుడు.

నూరేండ్లు తిరిగేసరికి మాట తలకిందులైంది. ఇప్పుడు 'ప్రొఫెషనల్' అంటే మన్నన, 'అమెచ్యూర్' అంటే తక్కువ. అయితే మాట తిరగబడ్డా మనుషులు తిరగబడలేదు. ప్రొఫెషనల్ అంటే తిట్టయిన రోజుల్లో ఆ మాట కింది కులాలకు అంటింది. అది మన్నన అయిన రోజుల్లో వాళ్ల నుంచి జారిపోయింది. ప్రతిభ కొలమానమే అయితే ఇట్లా జరుగుతుందా?

రేడియో కట్టిన గేటు

ఈ తిరగబాటులో రేడియో పాత్ర పెద్దది. 1946లో సమాచార శాఖ చూసిన సర్దార్ పటేల్, వ్యక్తిగత జీవితం అపవాదుకు గురైనవాళ్లను ఆకాశవాణిలో పాడనివ్వొద్దన్నడు. ఎవరిని ఉద్దేశించిందో విడమరిచి చెప్పనక్కర లేదు. 1952 నుంచి పదేండ్లు మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ కాలంలో ఆడిషన్ పద్ధతి గట్టిపడింది. కళాకారులు బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడులయిన్రు. గురువు దగ్గర కూర్చుండి నేర్చిన శాస్త్రీయ సంగీతం కొలతబద్ద అయింది. మన దగ్గర 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాద్ అయినప్పుడు ఈ చట్రంలోకే వచ్చింది.

రేడియో మేలు చేయలేదని నేను అనడం లేదు. చుక్క సత్తయ్య ఒగ్గుకథ వంటివి ఊరు దాటి వినిపించింది రేడియో పుణ్యమే. అయితే అక్కడ 'శాస్త్రీయం', 'జానపదం' అన్న రెండు అరలు ఏర్పడ్డయి. మొదటి అరలో మనిషికి పేరుంటది. రెండవ అరలో పాట 'ప్రజలది' అయితది. ప్రజలదంటే వినడానికి గొప్పగనే ఉంటది. పైకం కాడికి, పేరు కాడికి వచ్చేసరికి ప్రజలంటే ఎవరూ కాదు.

క్యాసెట్టు తెరిచిన తలుపు

1980ల్లో క్యాసెట్లు అగ్గువకు దొరకడంతో గ్రామఫోన్ కంపెనీ గుత్తాధిపత్యం కూలింది. చిన్నచిన్న పట్టణాల్లో రికార్డింగు సెంటర్లు లేచినయి. ఉత్తర తెలంగాణలో ఈ తలుపు గుండా వచ్చింది ఉద్యమ పాట. 1972లో మొదలైన జననాట్యమండలి పాటలు క్యాసెట్ల మీద సింగరేణి కార్మికవాడలు, గోదావరి ఒడ్డు పల్లెలు తిరిగినయి. 1994లో ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా డప్పును చంకనెత్తుకున్నది. ఎట్టికి గుర్తయిన తోలు ఆత్మగౌరవానికి గుర్తయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలె. ఈ కాలంలో మన ప్రాంతపు గొంతుగా నిలిచినవాళ్లలో మార్కెట్టు లెక్క ప్రకారం ప్రొఫెషనల్స్ ఎందరు? గద్దర్ 1984 దాకా బ్యాంకు ఉద్యోగి. మంథనికి గోదావరి ఆవలి దిక్కు, అప్పటి ఆదిలాబాద్ జిల్లా లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య ఫార్మసిస్టు. దేశమంతా పాడుకున్న 'ఊరు మనదిరా' రాసినాయన బతుకుదెరువు మందుల బల్ల. జీతం ఒక దిక్కు, పాట ఒక దిక్కు. వాళ్లను ఎవరూ అమెచ్యూర్లు అనరు, అనలేరు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన సినిమా అవార్డులకు గద్దర్ పేరే పెట్టింది. పాడి సంపాదించడమే ప్రొఫెషనల్‌కు గుర్తయితే ఈ గొంతులు లెక్కలోకి రావు. వాటిని లెక్కలో నుంచి తీసేస్తే ఈ ప్రాంతపు పాట చరిత్రే మిగలదు.

కానీ క్యాసెట్టు తలుపు పాట రాసేవాళ్లకు, పాడేవాళ్లకు తెరుచుకున్నంతగా వాయించేవాళ్లకు తెరుచుకోలేదు. డప్పు ఉద్యమ వేదిక మీద జెండా అయింది. స్టూడియోలో మాత్రం వెనక గదిలోనే నిలబడ్డది.

చల్లగదిలో తోలు

రికార్డు చేసేటాయన అన్న మాటను నేను ఊరికే కోపంతో కొట్టేయదలచుకోలేదు. ఆయన పనికి కొన్ని అవసరాలున్నయి. చెప్పిన టైముకు రావాలె. అన్న శ్రుతిలో ఉండాలె. క్లిక్ మీద నడవాలె, లేకుంటే తర్వాత వేసే ట్రాకులు దాని మీద కూర్చోవు. తప్పుపోయిన చోటినుంచి మళ్లీ అదే ఊపుతో ఎత్తుకోవాలె. ఇవన్నీ నిజమైన నైపుణ్యాలు, నేర్చుకోదగినవి.

అడగవలసిన ప్రశ్న వేరే. ఆ గదిని ఎవరి వాయిద్యం కోసం కట్టిన్రు? కీబోర్డుకు ఏసీ కావాలె, గదికి ఏసీ ఉన్నది. డప్పుకు మంట కావాలె, దానికి రోడ్డు పక్క చెత్త దిక్కయింది. ఒక కరెంటు హీటరో, వేడి బల్బో మూలకు పెట్టి ఉంటే నలుగురు మనుషులు దినమంతా మెట్లు ఎక్కి దిగకపోదురు. మైకును గొంతుకోసం అమర్చి పెట్టి, డప్పు దెబ్బకు శబ్దం పగులుతున్నదని వాయించేవాణ్ణి "మెల్లగ కొట్టు" అంటే అది ఎవరి చేతగానితనం? మైకు ఎంత దూరం పెట్టాలె, సిర్ర దెబ్బను, సిటికెన పుల్ల దెబ్బను ఎట్లా విడివిడిగా పట్టుకోవాలె అన్నది రికార్డు చేసేటాయన నేర్వవలసిన విద్య. అది రాకపోతే ఆయన కూడా ఆ వాయిద్యం విషయంలో ప్రొఫెషనల్ కాదు. ఆ మాట ఆయనను ఎవరూ అనరు. పరీక్ష ఎప్పుడూ ఒక దిక్కే నడుస్తది.

ప్యాడ్స్ సంగతీ అంతే. ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లో ఒక డప్పు దెబ్బ దాచి పెట్టి ఉంటది. ఆ దెబ్బ ఎవరో ఒకరు కొట్టిందే. దాన్ని వేలిముక్కతో మీటినాయనకు పేరూ, దినకూలీ కన్నా ఎక్కువ పైకమూ వస్తయి. తోలు మీద కొట్టినాయన ఎవరో ఆ యంత్రానికీ తెల్వదు. శ్రమను మనిషి నుంచి విడదీసి అమ్మడం మన పల్లెలకు కొత్తేమీ కాదు.

పేరు లేనివాడు చట్టానికి కనబడడు

'బృందం' అన్న మాటను చిన్న పొరపాటుగా చూసేవాళ్లు చట్టం చదవాలె. 1957 కాపీరైట్ చట్టంలో పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు హక్కే లేదు. 1977లో సినిమా పాటల హక్కుల మీద సుప్రీంకోర్టు తీర్పు నిర్మాతల వైపు పోయినప్పుడు, గాయకుడికి చట్టంలో చోటు లేకపోవడాన్ని జస్టిస్ కృష్ణయ్యర్ వేరుగా ఎత్తిచూపిన్రు. 1994 సవరణతో ప్రదర్శనకారుల హక్కు పుట్టింది. 1995 మే 10 నుంచి అమలైంది. 2012 సవరణ రాయల్టీలో వాటానూ, తన పేరు చెప్పించుకునే నైతిక హక్కునూ చేర్చింది.

అదే 2012 సవరణలో ఇంకో వాక్యమూ ఉన్నది. సినిమాలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమైనదో, అప్రధానమైనదో అయి, పరిశ్రమ అలవాటు ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా వారి పేరు వేయకపోతే, నైతిక హక్కు మాటకు తప్ప వారిని ప్రదర్శనకారులుగా లెక్కించరు. అంటే పేరు వేయని అలవాటే హక్కు లేదనడానికి ఆధారమవుతున్నది. ఎవరి ప్రదర్శన అప్రధానం? 'పరిశ్రమ అలవాటు' ఎవరు చేసింది?

ఇది మన దగ్గరి రోగమే కాదు. అమెరికాలో 1920లో మామీ స్మిత్ 'క్రేజీ బ్లూస్' రికార్డు వేలకు వేలు అమ్ముడుపోయినంక కంపెనీలు నల్లజాతి సంగీతానికి వేరే వరుస పెట్టి 'రేస్ రికార్డులు' అన్నయి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు పదేండ్లకు పైగా వాయించిన ఫంక్ బ్రదర్స్ పేర్లు ఆ కంపెనీ ఆల్బం అట్ట మీద కనబడ్డది 1971లో, మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్'తో. ప్రపంచమంతా విన్న చేతులు అవి. వాటికి కూడా అప్పటిదాకా పేరు లేదు.

మన కాలానికి వస్తే, పేరు వస్తే చాలా అన్న ప్రశ్న ఉన్నది. డక్కలి కులానికి చెందిన దర్శనం మొగులయ్య కిన్నెర పట్టి 2021లో 'భీమ్లా నాయక్' పాటలో వినిపించిండు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన రోజుకూలీకి పోతున్నడని పత్రికలు రాసినయి. 2023లో 'బలగం' చివర పాడి ఊళ్లకు ఊళ్లను ఏడిపించిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ బుడగ జంగాలు. మొగిలయ్య 2024 డిసెంబరులో జబ్బుతో పోయిండు. పేరు వచ్చింది, బిరుదు వచ్చింది. నెలనెలా వచ్చే ఆదాయం, జబ్బు చేస్తే దవాఖాన, పాట తిరిగినప్పుడల్లా వచ్చే వాటా – వీటినే కదా ప్రొఫెషన్ అనేది?

వద్దనే హక్కు

మనలోనే ఒక వాదం ఉన్నది. డప్పు బానిసత్వపు గుర్తు, దాన్ని అవతల పారేయాలె గానీ దానికి ప్రొఫెషనల్ గౌరవం అడగడమేంది అని. 1927 మహద్‌లో అంబేద్కర్ చచ్చిన పశువులను మోయడం మానండని చెప్పిన దారిలోనే ఈ వాదం వస్తది. దీన్ని తేలిగ్గా తీసుకోలేం. ఇంకో దిక్కు దండోరా తరం డప్పు మాది, మా విద్య అంటది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురని నేను అనుకోను. పని మానుకునే హక్కు లేనివాడికి పనికి ధర అడిగే హక్కు ఉండదు. ధర అడగలేనివాడికి పేరు అడిగే నోరు ఉండదు. ప్రొఫెషనల్ అంటే బాగా వాయించేవాడు మాత్రమే కాదు. బాగా వాయించగలిగీ, ఇష్టం లేకుంటే "రాను" అని చెప్పి, ఆ రాత్రి తన ఇంట్ల భయం లేకుండా పండుకోగలిగినవాడు. వేదపండితుడికి ఆ హక్కు పుట్టుకతో ఉన్నది. డప్పు కొట్టేటోడికి అది ఇంకా పోరాటమే.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగానే ఉన్నయి. యూట్యూబ్ కోసమైనా, సినిమా కోసమైనా రికార్డింగుకు పోయే ముందు ధర మాట్లాడుకోవాలె, కాగితం మీద రాయించుకోవాలె. వాయించిన ప్రతి మనిషి పేరు వేయించుకోవాలె. డప్పుకు తగ్గ గదిని, వేడిని, మైకును అడగాలె. మన పరిశోధకులు పాటల సాహిత్యం సేకరించినంత శ్రద్ధగా పాత క్యాసెట్ల వెనక ఉన్న చేతుల పేర్లు సేకరించాలె. చెప్పగలిగినవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నరు.

మా నాయిన 2017లో పోయిండు. ఆ క్యాసెట్టు మా ఇంట్ల ఉన్నది. ఆయన బతికినప్పుడు ఒకసారి అడిగిన, నీ పేరు ఎందుకు వేయించుకోలేదే అని. "పేరెందుకు బిడ్డా, దెబ్బ ఇంటే ఎవలదో ఎర్కైతది" అన్నడు. ఆ తరం చెవులు ఉన్నన్ని రోజులు అది నిజం. నా బిడ్డ వింటే ఎర్కకాదు.

పోయినేడు నా పరిశోధన కోసం ఆ క్యాసెట్టుకు కార్డు రాసిన. 'కళాకారులు' అన్న గడిలో మా నాయిన పేరు, మా పెద్దబాపు పేరు రాసిన. మూడో ఆయన దగ్గరికి పోతే సంతోషపడి, ఇంటిపేరుతో సహా రాయుమన్నడు. నాలుగో ఆయన కొద్దిసేపు ఏం మాట్లాడలేదు. "నా మనుమరాలు పట్నంల నౌకరి చేస్తంది. నా పేరు డప్పు కింద రాయకు బిడ్డా" అన్నడు. రాయలేదు. ఆ గడిలో నాలుగో గీత ఖాళీగా ఉన్నది. క్యాసెట్టు అట్ట మీద ఉన్న ఖాళీ ఇంకొకరు చేసింది. ఈ ఖాళీ ఆయన అడిగి పెట్టించుకున్నది.